తువ్వాలు కింద బేరం

సంతలో ఎద్దు ధర నోటితో చెప్పం. తువ్వాలు కింద చెయ్యి కలిపి వేళ్లు నొక్కుతాం. ఎద్దుకు తన్నే గుణముంటే మాత్రం తాడు చేతికిచ్చే ముందే నోటితో చెప్పాలి. దాచినవాడితో మళ్లీ ఎవరూ చెయ్యి కలపరు.

ఆ ఉదయం ఆదోనిలో ఒక ఆసుపత్రివాళ్లు నన్ను బేరానికి పిలిపించారు. మా ఊరి మహాదేవమ్మ పెద్ద కూతురు శివకుమారి అక్కడ కాన్పు ఆపరేషన్‌లో చనిపోయింది. శవాన్ని కదలనివ్వకుండా తల్లి మెట్ల మీద కూర్చుంది. పక్కన చిన్న కూతురు శివాని, నిండు చూలాలు.

"నాకు దుడ్లు వద్దు గోపన్నా. మత్తుసూది వికటించిందో, రక్తమే ఆగలేదో, డాక్టరు వచ్చి చెప్పల్ల. ఇద్దరూ ఒక కడుపున పుట్టినోళ్లే. దీనికీ అట్లే అయితే?"

డాక్టరు మేడ దిగలేదు. ఆయన బావమరిది వీరభద్ర వచ్చాడు.

"నోరు తెరిస్తే తప్పు ఒప్పుకున్నట్లేనని వకీలు చెప్పినాడప్పా. నువ్వు బేరగాడివి కదా, తియ్యి తువ్వాలు."

చెయ్యి కలిపాను. ఒక వేలు నొక్కాడు, అంటే లక్ష.

"ఎట్లా సచ్చిపోయిందో చెప్పమంటాండాది," అన్నాను.

రెండు వేళ్లు.

"చెప్తే చాలంటాండాది."

నాలుగు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లోపం గురించి అడిగినకొద్దీ ధర తగ్గించేవాడి ఎద్దును నేను కొనను. వీడు అడిగినకొద్దీ పెంచుతున్నాడు.

మెట్ల దగ్గరికి పోయి చెప్పాను: "వాళ్లకు తెలుసు మహాదేవమ్మా, చెప్పరు. పోలీసులకు రాసిచ్చి, పెద్దాసుపత్రిలో శవాన్ని కోయిస్తే బయటపడతాది."

"కోయిద్దాం పా," అని ఆమె లేచింది.

వీరభద్ర అడ్డం రాలేదు. నవ్వుముఖంతోనే అన్నాడు: "కోయించు పెద్దమ్మా, వద్దన్నోడెవడు? కేసు పెట్టినోళ్లని పేరు పడినాక నీ చిన్నబిడ్డను ఈ ఊర్లో ఏ డాక్టరు ముట్టుకుంటాడో అదీ చూసుకో. నొప్పులతో కర్నూలు దాకా పోతాదా?"

శివాని కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. మహాదేవమ్మ ఆ చేతినే చాలాసేపు చూసింది. తర్వాత వీరభద్ర చాచిన రాజీ కాగితం మీద వేలిముద్ర వేసింది.

శవాన్ని బండిలోకి ఎక్కించారు. సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకుంటూ ఆమె నన్ను అడిగింది: "మరి దీన్ని కాన్పుకు యాడికి తీసుకపోవల్లప్పా?"

నాకంటే ముందు వీరభద్రే చెప్పాడు.

"ఈడికే తీసుకురా పెద్దమ్మా. ఇంక మనం మనం ఒకటే కదా."