రెండో రీలు

“ఏవైనా ఉంటే పట్టుకురా.”

మా ఇంట్లో సినిమాకి ఇంటర్వెల్ పడిందని తెర మీద అక్షరాలు రానక్కర్లేదు. మా ఆయన ఈ ముక్క అన్నాడంటే పడినట్టే. ఏవైనా ఉంటే, అట. రెండు రోజుల ముందు నుంచీ నడుం విరుచుకుని నేను చేసినవి ఆయన నోట్లోంచి వచ్చేసరికి వాటంతటవే వంటింట్లో మొలిచినట్టు ఉంటాయి. నేను లేస్తాను. నేను లోపలికి వెళ్ళగానే ఎవరో ఒకరు “ఆ తలుపు వేసెయ్యండి, తెర మీద వెలుతురు పడుతోంది” అంటారు. తలుపు పడుతుంది. రెండో రీలు మొదలవుతుంది. పధ్నాలుగేళ్ళుగా ఇదే వరస. అందుకే మా ఇంట్లో ఉన్న పాత సినిమాలన్నీ నాకు మొదటి సగం కళ్ళతో తెలుసు, రెండో సగం చెవులతో తెలుసు.

మా మావగారు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆ హాలు మూసేసిన రోజున యజమాని ఆయనకి ఓ చిన్న ప్రొజెక్టరూ, అయిదు నలుపు తెలుపు సినిమాల రీళ్ళూ ఇచ్చి పంపాడట. సినిమాకి రెండేసి పెద్ద రీళ్ళు. చలి తగ్గి చెట్లు చిగురు వేసే రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం కిటికీలకి మందపాటి తెరలు కట్టి నలుగురినీ పిలిచి సినిమా వెయ్యడం ఆయన పెట్టిన అలవాటు. ఆయన పోయాక అది కొడుక్కి వచ్చింది. మా ఆయన దానికి “పాతకాలపు మధ్యాహ్నం” అని పేరు కూడా పెట్టాడు. పేరు పెట్టడం ఆయన వంతు, ఆ పేరుకి తగ్గట్టు ఇంటిని తయారు చెయ్యడం నా వంతు.

అబద్ధం ఎందుకు, ఆ ఆదివారాలంటే నాకూ ప్రాణమే. చలికాలమంతా ముఖం చాటేసిన ఎండ ఆ రోజుల్లోనే వంటింటి గట్టు మీదకి వచ్చి కూర్చుంటుంది. గట్టు మీద నిమ్మకాయలు, కుండీలోంచి అప్పుడే తుంచిన పుదీనా, వొలిచిపెట్టిన పచ్చి బఠాణీలు. ఓవెన్లో కోడి కాలుతుంటే ఇల్లంతా వెన్న వాసన. మా అమ్మమ్మ దాచుకున్న పాత పత్రికల్లో బట్టల కత్తిరింపులు గీసిన కాగితాలున్నాయి. వాటిని పరిచి కొలుచుకుని, నడుం దగ్గర కుచ్చులు, మోకాళ్ళ కిందకి గొడుగులా ఘేరు వచ్చేలా ఈసారి నాకో గౌను కుట్టుకున్నాను. గ్లాసుల కింద వెయ్యడానికి క్రోషియాతో పన్నెండు లేసు బిళ్ళలు అల్లాను, ఒక్కోదానికి నాలుగు సాయంత్రాలు. ఇక కాక్‌టెయిల్ సంగతి. మా చిన్నమామయ్య పెద్ద హోటల్లో బార్ చూసుకునేవాడు. పెళ్ళికి ముందు నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. తేనెని గోరువెచ్చని నీళ్ళలో కరిగించాలి, నిమ్మకాయ అప్పటికప్పుడు పిండాలి, జిన్ను కొలిచి పొయ్యాలి, గ్లాసులు ముందే చల్లబెట్టుకోవాలి. “చేతికి చలి తగలగానే ఊపడం ఆపెయ్యాలి తల్లీ, ఆపకపోతే మిగిలేవి నీళ్ళే” అనేవాడు. నేను అన్నీ కలిపి సీసాలో పోసి ఇస్తే, మా ఆయన హాల్లో నిలబడి ఐసు వేసి గంట కొట్టినట్టు అయిదు నిమిషాలు ఊపి, “ఇది నా సొంత ఫార్ములా” అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు వంటింట్లోకి బాగానే వినిపిస్తాయి.

అయిదు సినిమాల్లోనూ నాకు బాగా నచ్చింది మేం “పియానో పిల్ల” అని పిలుచుకునేది. పియానో నేర్పుకుని బతికే పిల్ల ఓ పెద్దింటికి కోడలవుతుంది. మొగుడు పియానోకి తాళం వేసేస్తాడు. పెళ్ళికి స్నేహితురాలు ఇచ్చిన షాంపేన్ సీసాని అలమారా పైన పెట్టి, “పెద్దవాళ్ళెవరైనా వచ్చినప్పుడు తెరుద్దాంలే” అంటాడు. అతని బల్ల సొరుగులో ఓ పిస్తోలు ఉంటుంది. ఒక రోజు ఆ పిల్ల సొరుగు తీసి దానివైపు చాలాసేపు చూస్తుంది. అక్కడ ఇంటర్వెల్. ఆ తరవాత మాటలు తలుపు దాటి రావు, నాకు తెలిసినవి చప్పుళ్ళే. అడుగులు, తలుపు, వాన, ఓ ఆడగొంతు ఏడుపు, ఆఖర్న ఠప్పుమని ఒక్క పేలుడు. వెంటనే వయొలిన్లు. హాల్లో అందరూ ముక్కులు ఎగబీలుస్తారు. కాల్చుకుని చచ్చిపోయింది పాపం, అనుకునేదాన్ని. ప్లేట్లలోకి కేకు ముక్కలు సర్దుతూ ప్రతి వసంతంలోనూ దానికోసం ఏడ్చేదాన్ని.

మా అత్తగారు ఒప్పుకునేది కాదు. “తను కాల్చుకోలేదమ్మాయ్, మొగుడే కాల్చేశాడు. ఆ చప్పుడుకి ముందు అది ఏడవడం వినబళ్ళేదూ?” అనేది. ఆవిడకెలా తెలుసంటే, మావగారి కాలంలో ఆవిడా ఈ వంటింట్లోనే, ఈ తలుపు వెనకాలే ఉండేది. ఇప్పటికీ ఇంటర్వెల్ పడగానే అలవాటుగా నా వెనకే వచ్చేస్తుంది. “దారానికి ముడులేసుకుంటూ కూర్చుంటే ఇల్లు గడుస్తుందా” అని వారం పొడుగునా నన్ను దెప్పే మనిషి, ఆ ఒక్క పూట మాత్రం నా పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తూ ఆ పిల్ల చావు గురించి నాతో వాదించేది. మా ఇద్దరికీ కుదిరిన మాటల్లో అదొకటి.

ఒకసారి మా ఆయన్ని అడిగాను. “ఇవాళ ఎవరూ లేరు కదండీ, ఆ రెండో రీలు ఒక్కటి వేసి చూపించండి.”

“ఆ బల్బు ఇప్పుడెక్కడా దొరకదు, ఉన్నది ఒక్కటే. నీ ఒక్కదానికోసం కాల్చెయ్యమంటావా? అయినా నీకు తెలీని కథా? ఎన్నిసార్లు వినుంటావు” అన్నాడు.

“ఆఖరికి ఏమవుతుందో అదైనా చెప్పండి.”

“ఏముంది, అందరూ ఏడుస్తారు.”

దొంగతనంగా వేసుకోవచ్చుగా అంటారేమో. బల్బు పోతే ఆ నింద నేను పోయేదాకా మొయ్యాలి, అంత ధైర్యం లేకపోయింది. నలుగురిలో “నువ్వు ముట్టుకోకు, తెగుతుంది” అంటాడు కానీ, తెగిన ఫిలిం అతికించేదీ, దూదితో తుడిచేదీ నేనే. అతికించేటప్పుడు దీపానికెత్తి చూసేదాన్ని. గోరంత బొమ్మలు. ఓ గది, ఓ ఆడమనిషి. అంతకు మించి ఏం అర్థం కాలేదు.

నా ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి “ఇప్పుడు కనిపిస్తోందా, ఇప్పుడో” అని అడగడం నా పని. దానికి చదువు చదివి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అయినా వచ్చినాయన కాస్త హోదాగా కనిపిస్తే చాలు, మా ఓనరు నా భుజం పక్కనుంచి తల పెట్టి “మీరు టీ సంగతి చూడండమ్మా, కళ్ళు నేను చూస్తాను” అంటాడు. ఇన్నేళ్ళూ టీ సంగతి చూశాను.

ఈ వసంతంలో మా ఆయన పెద్దాఫీసరు దంపతుల్ని పిలిచాడు, ఇంకో ఎనిమిది మందిని కూడా. “ప్రమోషన్ లిస్టు ఆయన చేతిలో ఉంది, మన పరువు నీ చేతిలో ఉంది” అన్నాడు. సినిమా “పియానో పిల్ల”. హాల్లో పన్నెండు కుర్చీలు వేశాడు, పది వాళ్ళకి, ఒకటి తనకి, ఒకటి అమ్మకి. నాది లెక్కలో ఎప్పుడూ లేదు. కుట్టుమిషను స్టూలు తెచ్చుకుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంటాను, లేవడానికి వీలుగా ఉంటుందని.

మొదటి రీలు అయిపోయింది. లైటు వేశారు. ఆఫీసరుగారి భార్య గ్లాసెత్తి, కింద ఉన్న లేసు బిళ్ళని వేలితో తడిమింది. “ఎంత ముద్దుగా ఉన్నాయి. ఎక్కడ కొన్నారు?”

“కొనడమేంటి మేడమ్, మా ఆవిడ ఊసుపోక అల్లుతూ ఉంటుంది. మీరు పట్టుకెళ్ళండి. ఒకటి కాదు, అన్నీ పట్టుకెళ్ళండి. తను మళ్ళీ అల్లుకుంటుంది” అన్నాడు మా ఆయన. అనడమే కాదు, అందరి గ్లాసులూ పక్కకి జరుపుతూ ఒక్కొక్కటే ఏరి ఓ కవర్లో వేసేశాడు. ఎనిమిదో బిళ్ళ మధ్యలో నేను ముడి తప్పితే ఓ సాయంత్రమంతా విప్పి మళ్ళీ అల్లాను. అది కూడా ఆ కవర్లో పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొంచెం కాదు, చెవుల్లోంచి ఆవిరి వచ్చేంత మండింది.

అప్పుడు, అలవాటు ప్రకారం, నా వైపు చూడకుండానే అన్నాడు, “ఏవైనా ఉంటే పట్టుకురా.”

నేను లేచాను. కాళ్ళకి కూడా అలవాటే కదా. రెండడుగులు వేశాక వంటింటి వైపు కాకుండా ఆయన వైపు వెళ్ళాను. చేతిలోంచి కవరు తీసుకున్నాను.

“ఇవి ఇవ్వడానికి కాదండీ. నలభై ఎనిమిది సాయంత్రాలు పట్టింది. నాకోసం అల్లుకున్నాను.”

ఆఫీసరుగారి భార్య ముఖం ఎర్రబడింది. “అయ్యో, నేను ఊరికే అడిగానండీ. మీరు నేర్పితే నేనే అల్లుకుంటాను.”

“తప్పకుండా రండి” అన్నాను. ఆవిడ మీద నాకేం కోపం లేదు.

మా ఆయన పళ్ళ సందుల్లోంచి “ఏమైంది నీకు?” అని, మళ్ళీ అందరికీ వినబడేలా నవ్వి, “సరే సరే, తినడానికి ఏవైనా ఉంటే పట్టుకురావోయ్” అన్నాడు.

“ఉన్నాయి. వంటింట్లో ఉన్నాయి. మీరు పట్టుకురండి.”

హాల్లో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. “మరి రీలు ఎవరు ఎక్కిస్తారు?” అన్నాడు మా ఆయన, నన్ను ఇరికించేశాననుకుని.

“నేను.”

“నీకేం వచ్చు?”

రెండో రీలు తీసి చక్రానికి తగిలించాను. ఫిలిం పళ్ళచక్రం మీదుగా తెచ్చి, లెన్సు వెనకనుంచి దింపి, కింద చిన్న వంపు వదిలాను. ఆ వంపు వదలకుండా బిగించి లాగితే తెగుతుంది. ఇన్నేళ్ళూ ఎక్కించింది ఆయన, తెగింది ఆయన చేతిలో, అతికిస్తూ అతికిస్తూ అది కనిపెట్టింది నేను. ఆఫీసరుగారు వంగి చూసి “భలే ఎక్కించారే” అన్నారు. తరవాత కుర్చీలోంచి లేవబోతూ “పదవయ్యా, నేనూ సాయం పడతాను” అన్నారు. మా ఆయనకి అంతకంటే శిక్ష లేదు. “అయ్యయ్యో, మీరు కూర్చోండి సార్” అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు.

గుమ్మం దగ్గర పెట్టుకున్న నా గ్లాసు తెచ్చుకుని ఆయన కుర్చీలో కూర్చున్నాను. గ్లాసు ఇంకా చల్లగానే ఉంది. లైటు ఆర్పి స్విచ్ నొక్కాక, వంటింటి వైపు తిరిగి అన్నాను.

“ఆ తలుపు వేసుకోండి. తెర మీద వెలుతురు పడుతోంది.”

తలుపు పడింది. కాసేపటికి లోపల గిన్నె ఏదో దొర్లింది. “పళ్ళేలెక్కడున్నాయే?” నేను ఓ గుక్క తాగాను. “అమ్మా, నువ్వైనా రా.” మా అత్తగారు మోకాళ్ళ మీద చేతులు వేసి సగం లేచింది. ఆవిడ వెళ్తే నేనూ ఎంతోసేపు కూర్చోలేనని నాకు తెలుసు. ఆవిడ తలుపు వైపు చూసింది, తెర వైపు చూసింది.

“నేను సినిమా చూస్తున్నాన్రా” అని మళ్ళీ కూలబడింది.

తెర మీద ఆ పిల్ల సొరుగు మూసేసింది. పిస్తోలు అందులోనే ఉంది. అలమారా పైనుంచి సీసా దింపుకుని, తలుపు తీసుకుని వానలోకి నడిచింది. ఎక్కడో మేడ మీద చిన్న గది. అరువు తెచ్చుకున్న పాత పియానో, నేర్చుకోవడానికి వచ్చే నలుగురు పిల్లలు. ఓ రాత్రి కూర్చుని కడుపారా ఏడ్చింది. అది నాకు తెలిసిన ఏడుపే, ఎన్నోసార్లు విన్నదే. దాని వెనకే వచ్చేది ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. మా అత్తగారు నా మణికట్టు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసేసుకుంది. ఠప్పుమని పేలింది.

“కళ్ళు తెరవండత్తయ్యా.”

కిటికీలోంచి తెల్లారిన ఎండ పడుతోంది. ఆ పిల్ల చేతిలో సీసా నురగలు కక్కుతోంది. బిరడా ఎగిరి పియానో మీద పడింది. టీ కప్పులోకి వొంపుకుని, ముఖమంతా తడిగా, ఒక్కత్తీ కూర్చుని నవ్వుతూ తాగుతోంది. వయొలిన్లు మొదలయ్యాయి.

“చావలేదుటే?” అంది మా అత్తగారు.

“చావలేదు.”

“నలభై ఏళ్ళు ఏడ్చాను కదే దీనికోసం.” ఆవిడ నా మణికట్టు వదిలింది. “ఒక్క వెధవా చెప్పలేదు.”

నిజమే, ఒక్కరూ చెప్పలేదు. మేం అడక్కపోవడం వల్ల కాదు. అది మాకు చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. నా గ్లాసులో మిగిలింది ఆవిడకిచ్చాను. “మందులా ఓ గుక్కే” అంటూ పుచ్చుకుని, మొత్తం ఖాళీ చేసి, ఒడిలో పెట్టుకుంది.

లైటు వేసేసరికి మా ఆయన ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. కోడిని అడ్డదిడ్డంగా కోశాడు, చొక్కా మీద వెన్న మరక. “అయిపోయిందా?” అన్నాడు.

“అమ్మాయ్, అది మళ్ళీ వెయ్యి” అంది మా అత్తగారు. “ఈసారి కళ్ళు మూసుకోను.”

నేను రెండో రీలు వెనక్కి చుట్టాను.

“ఏయ్, ఏంటి, మళ్ళీనా? బల్బు కాలిపోతుంది” అన్నాడు మా ఆయన.

“కాలనివ్వండి” అని స్విచ్ నొక్కాను.