అట్టల ఆసుపత్రి

రోజూ ఉదయం ఏడింటికి వడ్రంగి తావిత చర్చి హాలు తాళం తీసి, తేమకి మెత్తబడ్డ అట్టగోడలకి టేపు వేసుకుంటూ వచ్చేవాడు. సవాయీ దీవిలో మా ఊరికి కొత్త ఆసుపత్రి కట్టబోతున్నారు. కట్టేముందు ఒక వార్డునీ, ఆపరేషన్ గదినీ, మధ్య వరండానీ అసలు కొలతలతో అట్టలతో నిలబెట్టి చూడాలని బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు హన్నా పట్టుబట్టింది. అట్టలు కోసి నిలబెట్టింది తావితే.

తాళం తీసేసరికి అట్టమంచం మీద ఎవరో ఒకరు ఉండేవారు. ముందుముందు ఆ వార్డులో చేరబోయేవాళ్ళు. సోమవారం నాడు చేపల పెనీ ఇప్పటికన్నా పదేళ్ళు పైబడ్డ మొహంతో, కాలికి కట్టుతో పడుకున్నాడు. అదే సమయానికి పెనీ రేవులో వల ఆరేసుకుంటున్నాడు కూడా. మంచం మీదివాళ్ళు మాట్లాడరు. పెద్ద నర్సు మోయెలంగి వాళ్ళకి కోకో కలిపిచ్చి, దిండు సర్ది, తన పనిలో పడేది.

హన్నా మొదటిరోజే కంప్యూటర్లో మంచాన్ని తోసి చూపించింది. బొమ్మలో ఒక నర్సు మంచాన్ని వార్డులోంచి వరండా మలుపు తిప్పి, హాయిగా ఆపరేషన్ గదికి తీసుకుపోయింది.

"సరిపోతుందా?" అని అడిగింది హన్నా.

"సరిపోతుందమ్మా" అన్నారు అందరూ.

సరిపోదని తావితకి అప్పుడే తెలుసు. మా ఊళ్ళో రోగి మంచాన్ని ఒక్క నర్సు తోయదు. అటు నలుగురు, ఇటు నలుగురు అత్తలూ పిన్నులూ పట్టుకుని నడుస్తారు. ఎవరెంత చెప్పినా చెయ్యి వదలరు. కానీ సముద్రం దాటి వచ్చిన మనిషికి ఎదురు చెప్పడం మాలో ఎవరికీ చేతకాదు.

మంగళవారం మంచం మీద తావిత కూతురు సీనా ఉంది. ఇంట్లో సీనాకి పంతొమ్మిదేళ్ళు, బడిలో పిల్లలకి చదువు చెబుతుంది. ఇక్కడ ముప్ఫై దాటాయి, నిండు నెలలు, మొహం పాలిపోయి ఉంది. దుప్పటి తడిసి ఎర్రబడింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు మంచం తోసుకొస్తున్నారు. మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. వెనక్కి లాగారు, మళ్ళీ తోశారు, మళ్ళీ ఇరుక్కుంది. మోయెలంగి తెచ్చిన కోకో ఇవ్వకుండానే కింద పెట్టేసింది.

బుధవారమూ అంతే. గురువారం పునాదికి కాంక్రీటు పోస్తారు.

"అమ్మా, ఈ మలుపు సరిపోదు" అన్నాడు తావిత. అంత చిన్నమాటకి అతనికి చెమటలు పట్టాయి.

హన్నా తలెత్తి చూసింది. "మొదటిరోజు సరిపోతుందన్నారు కదా?"

"అన్నాను."

"మరి?"

"మీరు అంత దూరం నుంచి వచ్చారు. బిస్కెట్లు కూడా తెచ్చారు."

"నేనూ అన్నానమ్మా" అంది మోయెలంగి. "నాకు బిస్కెట్టు కూడా దక్కలేదు."

హన్నా మంచం చుట్టూ ఉన్న చేతుల్ని లెక్కపెట్టింది. "ఎంత కావాలి?"

తావిత మోచెయ్యి నుంచి వేలి చివరిదాకా చూపించాడు. ఆమె టేపుతో ఆ మూరని కొలిచి కంప్యూటర్ తెరిచింది. బ్రిస్బేన్ ఇంజనీర్లూ, రాజధాని ఆపియాలో కరెంటు పనివాళ్ళూ అందరూ పనిచేసేది ఆ ఒక్క బొమ్మ మీదే. ఆమె గోడ జరిపిందో లేదో, అడ్డొచ్చిన ఆక్సిజన్ గొట్టాలు ఎర్రబడ్డాయి, వాటి వెనకే వైర్లు.

"రేపు కాంక్రీటు పెట్టుకుని ఇవాళ గోడ జరుపుతారా? ఎవరిదీ సలహా?" అన్నాడు తెరలోంచి గొట్టాల ఇంజనీరు.

అలాంటి మీటింగుల్లో తావిత ఎప్పుడూ నోరు విప్పలేదు. "నాదే బాబూ. నచ్చకపోతే మీరొచ్చి ఈ మంచం తిప్పండి" అన్నాడు.

తెరలో ఒక్కొక్కరే పని అందుకున్నారు. గొట్టాలు పైకి వెళ్ళాయి, వైర్లు పక్కకి తప్పుకున్నాయి, సామాన్ల గది చిక్కిపోయింది. సాయంత్రానికి బొమ్మలో ఎరుపు మిగల్లేదు. తావిత అట్టగోడ కోసి మూరెడు అవతల నిలబెట్టాడు.

గురువారం తాళం తీసేసరికి సీనా మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పసిబిడ్డతో. ఎనిమిదిమందీ కింద చాపల మీద ఆదమరిచి నిద్రపోతున్నారు. మోయెలంగి కోకో ఇచ్చింది. సీనా ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"నాన్నా, పంచదార తక్కువైంది" అంది.

తావితకి ఏడుపొచ్చింది. బయటికి వెళ్ళి, లారీ దగ్గర ఎదురుచూస్తున్న మేస్త్రీలతో "పోయండి" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో సీనా పిల్లల పుస్తకాలు దిద్దుతుంటే, అతనే కోకో కాచి నాలుగు చెంచాల పంచదార వేసి తెచ్చాడు.

"ఇంత తీపి ఎవరు తాగుతారు నాన్నా?" అంది సీనా.

"నువ్వే" అన్నాడు తావిత.