టకెట్ వంతెన మీద అడుగులు

ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి హార్లన్ పెల్కీ బూట్ల బురద గీకేసుకుని, నదికి ఇవతల మా వెర్మాంట్ రాష్ట్రం గట్టున టకెట్ వంతెన ఎక్కి, అవతల న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం గట్టున ఉన్న నెటీ కోల్బీ ఇంటికి టిఫినుకి వెళ్ళేవాడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. మేపుల్ చెట్ల నీరు పట్టి పాకం కాస్తాడు. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది, మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. ఇద్దరికీ పెళ్ళి చేసుకోవాలనే ఉంది. ఎవరు ఎవరింటికి వెళ్ళాలన్న దగ్గరే రెండేళ్ళుగా బండి కదల్లేదు.

టకెట్ వంతెన చెక్కది, పైన కప్పుంటుంది. మనకి ఉండాలనిపించే వైపు వెళ్తుంటే కురచగా, లేకపోతే పొడుగ్గా ఉంటుంది. పక్కపక్కనే నడిచినా ఎవరి వంతెన వాళ్ళదే. పళ్ళ డాక్టరు అవతలి గట్టున ఉన్నాడు కాబట్టి మేం గంట ముందే బయల్దేరతాం. రోడ్ల శాఖవాళ్ళు మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని, బోర్డు మీద పొడుగు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు.

"మా వైపు ఏం కొన్నా అమ్మకం పన్ను లేదు," అనేది నెటీ, పాన్‌కేకులు తిరగేస్తూ. "జీతం మీదా లేదు. పెద్దవాళ్ళని సీటు బెల్టు పెట్టుకోమని కూడా ఎవడూ అడగడు."

"అవును మరి, హాయిగా చావొచ్చు. మా వైపు దారి పొడుగునా ఒక్క ప్రకటన బోర్డుండదు. కొండ కొండలా కనిపిస్తుంది."

"ఆ కొండని చూస్తూ కట్టుకోండి పన్నులు. మందు సీసాకి మళ్ళీ మా దుకాణానికే వస్తారుగా!"

"వస్తాం. మీరు పాకానికి మా దగ్గరికి రావట్లా?"

"మాకూ ఉన్నాయి మేపుల్ చెట్లు, మహానుభావా."

"ఉన్నాయిలే, పాపం."

ఇలా నవ్వుకుంటూనే సాగేది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం హార్లన్ నోరు జారాడు.

"ఈ వాదనంతా ఎందుకు, వంతెననే అడుగుదాం. ఇటొచ్చేటప్పుడు నాకు రెండొందల పది అడుగులు. ఇంటికెళ్ళేటప్పుడు నలభై. ఏ రాష్ట్రం మేలో తేలిపోలా?"

గెలిచానన్న సంబరంతో ఇంకో పాన్‌కేకు అందుకున్నాడు కూడా. మా వైపు మగాళ్ళకి రాష్ట్రం మాటెత్తితే ఎదురుగా ఉన్నదెవరో గుర్తుండదు.

నెటీ పొయ్యి ఆపేసింది. "నాకు రానూ పోనూ నూట అరవయ్యే. నీ గడపైనా నా గడపైనా నాకొకటే. నువ్వు మాత్రం నా దగ్గరికి రెండొందల పది అడుగులు ఈడ్చుకుంటూ వస్తున్నావన్నమాట."

"నేనన్నది రాష్ట్రం గురించి..."

"రాష్ట్రం వేసిందా నీకు పాన్‌కేకులు? వెళ్ళు, హార్లన్. నలభై అడుగులేగా. వచ్చే ఆదివారం నుంచి రావద్దు."

ఆవిడ అన్నదంటే అన్నదే. మూడు ఆదివారాలు ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. హార్లన్ ఉడికించిన గుడ్లు నిలబడే తినేసి, కిటికీలోంచి కొండని చూశాడు. కొండ బాగానే ఉంది. ఆయనే బాగోలేడు.

మార్చి మొదటి మంగళవారం మా ఊరి సభ, ఏడాది ఖర్చులన్నీ ఊరంతా కూర్చుని చేతులెత్తి తేల్చుకునే రోజు. ముప్ఫై నాలుగేళ్ళలో హార్లన్ ఒక్కటీ తప్పలేదు. మడత కుర్చీల్లో ఆడవాళ్ళు ఊలు అల్లుకుంటున్నారు, వంటగదిలోంచి బీన్స్ వాసన వస్తోంది. రోడ్లు చదును చేసే బండి కొత్తది కొనాలా వద్దా అని రెండు గంటలుగా తగువు. "ఏరా, చెయ్యెత్తవేం? బురదలో దిగబడేది నీ రోడ్డేగా!" అని పినతండ్రి కొడుకు డ్వైట్ మోచేత్తో పొడిచాడు. హార్లన్ లేచి, కోటు తీసుకుని బయటికెళ్ళాడు. బాత్రూముకేమో అనుకున్నాం.

కుడికాలు వంతెన మీద పెట్టాడు. ఎడమకాలు న్యూ హాంప్‌షైర్ కంకర మీద పడింది.

నెటీ ఇంటి ముందు బస్సు ఊడుస్తోంది.

"ఎన్నడుగులేంటి ఇవాళ?" అంది తలెత్తకుండా.

"ఒకటి."

"అబద్ధాలాడకు."

"నిజం, నెటీ. ఏం చెప్పాలో అనుకునే వ్యవధి కూడా లేకపోయింది." ఆయన టోపీ తీశాడు. "నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాకేమీ బాలేదు."

ఆవిడ చీపురు పారేసి, బస్సు మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

మధ్యాహ్నం బట్టలు తెచ్చుకుందామని ఆయన మళ్ళీ వంతెనెక్కాడు. నాలుగు గంటలు నడిచినా ఇవతలి వెలుతురు కనబడలేదు. వెనక్కి తిరిగితే ఒక్క అడుగు. ఇక బట్టలన్నీ డ్వైటే తిట్టుకుంటూ మోశాడు. మేపుల్ చెట్లూ వాడికే అప్పగించారు. జూన్‌లో పెళ్ళయింది.

ఈ మార్చిలో మా సభకి హార్లన్ వచ్చాడు. తెల్లారి అయిదింటికి తినడానికి ఏదో కట్టించుకుని బయల్దేరాడు. నెటీ పదికి పది నిమిషాలుండగా బయల్దేరింది. ఇద్దరూ ఒకేసారి లోపలికొచ్చారు. మా ఊళ్ళో కాపురం లేనివాళ్ళు గోడ పక్క బల్ల మీదే కూర్చోవాలి, ఎక్కువమంది ఒప్పుకుంటేనే మాట్లాడాలి. హార్లన్ వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంటే హాల్లో అందరం మెడలు తిప్పి చూశాం.

మళ్ళీ ఆ బండి తగువే. గంటన్నర తర్వాత ఆయన చెయ్యి లేచింది. సభ నడిపే ఆల్మా టటిల్ ఆయన్ని పసివాడప్పట్నుంచీ ఎరుగును. అయినా పద్ధతి ప్రకారం అడిగింది: "ఈ ఊరివాడు కాని ఒకాయన మాట్లాడతానంటున్నాడు. ఎవరికైనా అభ్యంతరమా?"

"నాకుంది!" అన్నాడు డ్వైట్. "ముప్ఫై నాలుగేళ్ళు మాట్లాడాడు, చాల్లే." అని కళ్ళు తుడుచుకున్నాడు. మిగతా అందరం సరేనన్నాం.

హార్లన్ టోపీ నలుపుతూ లేచాడు. "ఆ బండి కొంటారో మానతారో త్వరగా తేల్చండి. నేను ఇంటికెళ్ళాలి."

"తొందరేముందయ్యా?" అంది ఆల్మా. "నీకు ఇల్లు ఒక్క అడుగేగా?"

"అందుకేనమ్మా, కూర్చోలేకపోతున్నా."