ఒక్క గజం

ఎమిల్ బోయ్‌చుక్ బస్సు చుట్టూ రెండోసారి తిరుగుతున్నాడు. మొదటిసారి టైర్లను బూటు కొనతో తన్ని చూసుకున్నాడు. ఇప్పుడు జేబులోంచి గుడ్డ తీసి దీపాల మీది దుమ్ము తుడుస్తున్నాడు. అక్టోబరు గాలి ప్యాంటును పిక్కలకేసి కొడుతోంది. వారానికి ఐదు రోజులు బడిపిల్లల్ని మోసే ఆ పసుపు బస్సు, రెజీనా నగరంలో ఫుట్‌బాల్ ఆట ఉన్న ఆదివారాల్లో మా ఊరి పెద్దవాళ్ళను మోస్తుంది. అల్లరిలో పిల్లలే నయం.

ఆరడుగుల మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా తలుపు మీట లాగీ లాగీ కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి జారింది. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరైనా తలుపు కొడితే, కుర్చీలోంచి లేవకుండానే కుడి చెయ్యి ముందుకు చాపేవాడు. ఏమీ దొరక్క, అప్పుడు లేచేవాడు. అది చూసి భార్య డోరీన్ పొట్ట పట్టుకుని నవ్వేది. పోయినసారి నవ్వినదానికన్నా ఎక్కువే నవ్వేది.

తొమ్మిదింటికల్లా నలభై ఒక్కమంది ఎక్కారు. అందరి ఒంటి మీదా పచ్చ చొక్కాలు, పచ్చ కోట్లు. ధాన్యం గిడ్డంగిలో పనిచేసే ట్రెవర్ మాత్రం సగానికి కోసి తొలిచిన పుచ్చకాయ డిప్పను తలకు బోర్లించుకుని వచ్చాడు. మా జట్టు అభిమానులకు అదే కిరీటం. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, పుచ్చకాయ నీళ్ళు మెడవెంట కారుతున్నాయి, అయినా తియ్యడు. తలుపు పక్కనున్న మొదటి సీటు ఖాళీగానే ఉంది. అందులో కూర్చోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ళుగా ఎవరూ కూర్చోలేదు, అంతే.

అది డోరీన్ సీటు. బడిలో వంటమనిషిగా పనిచేసేది. మనిషి పొట్టి, గొంతు గట్టి. బస్సు ఊరి పొలిమేర దాటేలోపు వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్ళు వేసుకుని, ఆట గురించి వాదన మొదలుపెట్టేది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే మా కెనడా ఫుట్‌బాల్‌లో పది గజాలు ముందుకెళ్ళడానికి మూడే ఛాన్సులు. అమెరికావాళ్ళకు నాలుగట, అందుకే వాళ్ళకంత తీరిక. రెండు ఛాన్సులు అయిపోయి ఇంకా ఒక్క గజం మిగిలిందనుకోండి. మూడోదానికి బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకు వదిలెయ్యడమా, లేక బంతిని పొట్టకు అదుముకుని మనుషుల గోడలోకి తోసుకుపోవడమా? తోసుకుపోయి గజం దాటలేకపోతే బంతి ఉన్నచోటే శత్రువు చేతికి పోతుంది. మా ఊళ్ళో పొలం గట్ల మీదకన్నా ఈ ఒక్క ప్రశ్న మీదే ఎక్కువ మాటపట్టింపులొచ్చాయి. డోరీన్ ఎప్పుడూ తోసుకుపోయే పక్షమే. గోధుమ రైతు లైల్ పెడర్సన్ ఎప్పుడూ తన్నే పక్షమే. పాతికేళ్ళు ఆ ఇద్దరూ ఈ బస్సులో పోట్లాడుకున్నారు. ఎమిల్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, నోరు విప్పకుండా బండి నడిపాడు.

ఆరేళ్ళ కిందట ఒక పొద్దున్న, వంటగదిలో పెరోగీల పిండిలో బంగాళాదుంప కూరి మడుస్తూ మడుస్తూ డోరీన్ కుప్పకూలింది. పక్షవాతం. కుడి పక్క చచ్చుబడింది, మాట పూర్తిగా పోయింది. అప్పటినుంచి రెజీనాలోని ఒక సంరక్షణ గృహంలో ఉంటోంది. ఆట మొదలవగానే ఎమిల్ బస్సుకు తాళం వేసి, ఇరవై నిమిషాలు నడిచి ఆమె దగ్గరికి వెళ్తాడు. ఆట ముగిసేదాకా ఇద్దరూ రేడియో వింటారు.

స్టేడియం ఎదుట పార్కింగ్ స్థలంలో బస్సు ఆగేసరికి పదిన్నర దాటింది. కాసేపటికే పొయ్యి వెలిగింది, సాసేజ్‌లు చిటపటలాడాయి, పంచాయితీ మొదలైంది. లైల్ వేలు నోట్లో తడుపుకుని గాలిలోకి ఎత్తాడు.

"వాయవ్యం," అన్నాడు. "రాసి పెట్టుకోండి. టాస్ గెలిచామా, ఆటలో చివరిదైన నాలుగో పావులో ఈ గాలి మన వీపున ఉండేట్టు అడగాలి. ఇక స్కోరు సమానంగా ఉందనుకో, కళ్ళు మూసుకుని తన్నెయ్యడమే. ఈ గాలికి బంతి గోల్ అవతల మైదానమే దాటిపోతుంది. ఒక్క పాయింటు వస్తుంది. ఒక్క పాయింటుతో గెలిచినా గెలుపేగా?"

"ఒక్క పాయింటట! సిగ్గులేకపోతే సరి," అంది పోస్టాఫీసు బెర్నిస్, సాసేజ్ తిప్పుతూ. "గుమ్మంలో నిలబడి అడుక్కున్నట్టు. డెబ్భై రెండేళ్ళొచ్చాయి, ఇంకా పిరికితనం పోలేదు నీకు."

"అబ్బో, ధైర్యవంతురాలు! పోయిన నెల తోసుకుపోయి ఏం ఊడబొడిచారు? గజం కోసం పోయి రెండు గజాలు వెనక్కొచ్చారు."

"నా మాట వినండి," అన్నాడు ట్రెవర్. "నాలుగింటికి గాలి పడిపోతుంది. గిడ్డంగి మీద రోజూ చూస్తూనే ఉన్నా. అప్పుడు నీ తన్నుడుకి బంతి మధ్యలోనే..."

"నువ్వుండరా పుచ్చకాయా. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే."

అందరూ విరగబడి నవ్వారు. ఎమిల్ మాత్రం నవ్వలేదు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుని, బస్సుకు చేరబడి, ప్రతి మాటా మనసులో అప్పజెప్పుకుంటున్నాడు. లైల్, వాయవ్యం, ఒక్క పాయింటు. బెర్నిస్, సిగ్గులేకపోతే సరి. ట్రెవర్, నాలుగింటికి గాలి పడిపోతుంది. ఒక్క మాట జారిపోకూడదు. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో మాటలన్నీ డోరీనే మాట్లాడింది. ఇప్పుడు మాట్లాడాల్సిన వంతు తనకొస్తే, పాపం ఆయన దగ్గర సొంత మాట ఒక్కటీ లేదు. వాతావరణం చెబుతాడు, బడిపిల్లల్లో ఎవరికి జలుబు చేసిందో చెబుతాడు, అంతటితో అయిపోతుంది. ఈ వాదన మోసుకెళ్ళినప్పుడే ఆమె కళ్ళు వెలిగేవి. అంతా విని, ఎడమ చూపుడువేలితో ఆయన అరచేతిలో తీర్పు చెప్పేది. ఒకసారి తడితే తన్నమని, రెండుసార్లు తడితే తోసుకుపొమ్మని. ఆరేళ్ళలో ఒక్కనాడూ ఒకసారితో ఆగలేదు.

పోయిన రెండు ఆటలకీ ఆమె వేలు కదల్లేదు. అడిగిన లైల్‌కి "రెండు" అని అబద్ధం చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చెప్పిన అబద్ధాలు బహుశా ఆ రెండే.

శుక్రవారం డాక్టరు ఫోన్ చేసి, ఇక కొద్ది రోజులే అన్నాడు. శనివారమంతా ఎమిల్ మంచం పక్కనే కూర్చున్నాడు. చెప్పడానికి ఏమీ తోచలేదు. చెయ్యి పట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు, తన మీద తనకే రోత పుట్టింది. సాయంత్రం ఇంటికొచ్చేశాడు, పొద్దున్నే బస్సు తియ్యడానికి. బస్సు ఇంకెవరికైనా అప్పగించొచ్చు, కాదనడు. కానీ వీళ్ళ పోట్లాట వినకుండా ఆమె దగ్గరికి ఏం పట్టుకుని వెళ్తాడు? ఆ వేలు ఇంకొక్కసారి జవాబు చెబితే చాలని ఆయన ఆశ. దేవుణ్ణి అడిగింది కూడా అదే.

పన్నెండున్నరకు జనం స్టేడియం వైపు కదిలారు. లైల్ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ ఎమిల్! ఆవిడతో చెప్పు. ఈ గాలి చూస్తే నువ్వైనా సరే తన్నమంటావని లైల్ అన్నాడని చెప్పు."

"చెప్తాను."

"ఏమందో నాకు చెప్పాలి మరి. మర్చిపోకు."

మొదటి ఏడాది అందరూ కేకులు పంపారు, కార్డులు పంపారు. తర్వాత "అడిగానని చెప్పు" దాకా వచ్చింది. ఇప్పుడు అదీ లేదు. ఊరన్నాక అంతే, ఎవర్నీ తప్పుపట్టలేం. ఇప్పటికీ ప్రతి ఆటకీ కబురు పంపేది ఈ దెప్పే మనిషి ఒక్కడే.

గదిలోకి వెళ్ళేసరికి నర్సమ్మాయి మారిసెల్ తడి దూదితో డోరీన్ పెదాలు ఒత్తుతోంది. దిండు మీద ముఖం చిన్నదైపోయింది. తల మీద మాత్రం ఒకప్పుడు ప్రతి ఆటకీ బస్సులో పెట్టుకొచ్చిన పచ్చ ఉన్నిటోపీ, కొసన బంతి కుచ్చుతో, ఎప్పటిలాగే ఉంది.

"నేనే పెట్టాను, ఎమిల్ గారూ. ఆట రోజు కదా," అంది మారిసెల్. తర్వాత గొంతు తగ్గించింది. "పొద్దున్నుంచి ఊపిరి మారిపోయింది. మీరు ఇవాళ ఎక్కడికీ వెళ్ళకండి."

ఆయన తలూపాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, రేడియో చిన్నగా పెట్టి, ఆమె ఎడమ చెయ్యి తన అరచేతిలోకి తీసుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు. లైల్ వేలు తడుపుకోవడం దగ్గర్నుంచి, సాసేజ్ మాడడం దాకా, పూసగుచ్చినట్టు చెప్పాడు. బెర్నిస్ మాటలు బెర్నిస్ లాగే అనబోయాడు. గొంతు కుదరలేదు. పుచ్చకాయ మాట దగ్గర ఆమె పెదవి కొస కదిలిందేమోనని ఆగి చూశాడు. లేదు, ఊపిరే.

"నువ్వైనా తన్నమంటావట. లైల్ అన్నాడు," అని అడిగాడు. "ఏమంటావు?"

వేలు కదల్లేదు. మొదటి సగం అయింది. విరామంలో మళ్ళీ అడిగాడు. మూడో పావులో ఇంకోసారి అడిగాడు. ఆమె ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టి, భయమేసి మానేశాడు.

నాలుగో పావు చివర స్కోరు సమానమైంది. నలభై సెకన్లు మిగిలాయి, బంతి మైదానం నడుమ మా చేతిలో ఉంది. రేడియోలో వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. మూడో ఛాన్సు. ఒక్క గజం. గాలి మా వీపునే ఉంది. కోచ్ ఆటను ఆపి ఆలోచించుకుంటున్నాడు. వాయవ్యం గాలి ఈ గది కిటికీని కూడా గడగడలాడిస్తోంది. నాలుగు దాటినా అది పడిపోలేదు.

ఎమిల్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "డోరీన్. వింటున్నావా? లైల్ చెప్పినట్టే వచ్చింది, చూడు. మూడో ఛాన్సు, గజం. ఏం చేద్దామే?"

చూపుడువేలు లేచింది. అరచేతిలో ఒకసారి తట్టింది.

భ్రమ కాదు. గోరు తగిలింది. ఎమిల్‌కి కళ్ళు మసకబారాయి. రెండోదాని కోసం చెయ్యి కదపకుండా ఎదురుచూశాడు. రేడియోలో మావాళ్ళు తోసుకుపోయారు, మనుషుల కుప్ప పడింది, కొలిచారు, జానెడు తక్కువైంది. బంతి అవతలి జట్టు విన్నిపెగ్ వాళ్ళ చేతికి పోయింది. వాళ్ళు రెండు విసుర్లు విసిరి, దగ్గరికొచ్చి, మూడు పాయింట్లు కొట్టుకుపోయారు. ఆయన అదేదీ వినలేదు. అరచేయి అలాగే చాపుకుని కూర్చున్నాడు.

మారిసెల్ వచ్చి రేడియో కట్టేసింది. డోరీన్ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, గడియారం చూసి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది. కిందికి జారిన ఆ భుజం మీదే.

"ఇంకోటి తట్టాలి," అన్నాడు ఎమిల్.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అయినా చెయ్యి తియ్యకుండా నిలబడింది. "ఎవరికైనా ఫోన్ చెయ్యనా?" అని అడిగింది.

"రేపు డోరీన్ చెల్లెలికి నేనే చెప్తాను. నలభై ఒక్కమంది బస్సు దగ్గర నిలబడి ఉంటారు. వాళ్ళను ఇంటికి చేర్చి మళ్ళీ వస్తాను."

దుప్పటి సర్దాడు. టోపీ తీసి, అణిగిపోయిన తెల్లజుట్టును వేళ్ళతో దువ్వాడు. నుదుటి మీద ముద్దుపెట్టి, ఇంకేం చెయ్యాలో తెలియక మళ్ళీ దుప్పటే సర్దాడు. టోపీ చేతిలోనే ఉండిపోయిందని వీధిలోకొచ్చాకే చూసుకున్నాడు.

పార్కింగ్‌లో ఓడిపోయిన జనం మొహాలు వేలాడేసుకుని బస్సెక్కారు. ట్రెవర్ తన పుచ్చకాయను నేలకేసి కొట్టాడు. లైల్ మాత్రం ఓడిపోయినా మాట నెగ్గిన ఊపులో ఉన్నాడు. మెట్లెక్కుతూనే మొదలుపెట్టాడు.

"చూశావా? చూశావురా? తన్ని ఉంటే ఒక్క పాయింటు, ఇంటికి పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళం. ఏమంది మీ ఆవిడ? రెండేగా? చెప్పు, ఈసారి తలదించుకోమని చెప్పు ఆవిడ్ని!"

ఎమిల్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

"ఒకసారి తట్టింది," అన్నాడు.

"ఒకసారా!" లైల్ తొడ చరుచుకున్నాడు. "డోరీన్ తన్నమందా? ముప్పై ఏళ్ళకి నా దారికొచ్చిందా? ఏయ్ బెర్నిస్, విన్నావా..."

వెనక్కి తిరగబోయి, చెయ్యి ఆనించడానికి మొదటి సీటు వైపు వంగాడు. సీట్లో డోరీన్ టోపీ ఉంది. లైల్ దాన్ని చూశాడు. ఎమిల్‌ని చూశాడు. మళ్ళీ టోపీని చూశాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఆ మూడో ఛాన్సప్పుడు. ఒకసారి తట్టి, ఆగిపోయింది."

లైల్ మెట్టు మీదే చతికిలబడ్డాడు. ఎర్రటి మెడ పాలిపోయింది. వెనక ఎవరో తలుపు వెయ్యమని, చలేస్తోందని కేక పెట్టారు.

"నేను నడపనా?"

"వద్దు. చేతులకు పనుండనీ. ఊరు చేరేదాకా వాళ్ళకు చెప్పకు."

"చెప్పను." లైల్ రెండు అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఒరేయ్, విను. ఆవిడ తన్నమని చెప్పలేదు. నాకు తెలుసు. రెండోది తట్టేదే. టైము చాలక గానీ, తట్టేదే."

ఎమిల్ తలూపాడు. కళ్ళనీళ్ళు గడ్డందాకా జారాయి, తుడుచుకోలేదు. కుడి చెయ్యి చాపి మీట లాగాడు, తలుపు మూసుకుంది. లైల్ లేచి వెళ్ళి ఆ సీటుకు అవతలి వరుసలో కూర్చున్నాడు.

బస్సు గోధుమ చేల మధ్య రోడ్డెక్కింది. పొద్దు వాలుతోంది, వెనక బెర్నిస్, ట్రెవర్ అప్పుడే మళ్ళీ వాదన మొదలుపెట్టారు. మొదటి సీట్లో పచ్చ టోపీ బస్సు కుదుపులకు కొంచెం కొంచెంగా కదులుతోంది. దాని అంచున ఉన్నిలో ఒక తెల్లవెంట్రుక చిక్కుకుని ఉంది.