ఒక్క పేరున్న వ్యాసం

నేను ఒక ప్లాస్టిక్ పలకను. పలక అనగానే బలపం వెతుక్కోకండి. నామీద ఎవరూ ఏమీ రాయరు. ఆకాశం నుంచి కంటికి కనబడని కణాలు కురుస్తూ ఉంటాయి. అవి నాలోంచి దూసుకుపోతే నాలో చిన్న మెరుపు మెరుస్తుంది. నా అంచుకు అతికించిన గాజు కన్ను ఆ మెరుపును లెక్కపెడుతుంది. బయటి వెలుతురు పడితే లెక్క తప్పుతుంది కాబట్టి నన్ను నల్లకాగితంలో చుట్టి ఉంచేవారు. పుట్టిన దగ్గర్నుంచీ చాలా ఏళ్లు చీకట్లోనే ఉన్నాను. బాధగా ఉండదా అంటే, ఉంటుంది.

నన్ను పోతపోసింది ఎక్కడో చలిదేశంలో, ఒక పెద్ద ప్రయోగశాల కోసం. నాలాంటివి వేలల్లో చేసి, మిగిలిపోయినవాటిని అటక మీద పడేశారు. అందులోంచి నన్ను అడిగి తెచ్చుకున్నది గొర్లె హైమావతి గారు. అక్కడ పరిశోధన చేసి, సముద్రానికి దగ్గరలోని ఒక విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పడానికి తిరిగొచ్చారు. విమానాశ్రయంలో అధికారి నన్ను అటూ ఇటూ తిప్పి, "గిదేంది మేడం, కూరగాయలు కోసే చెక్కనా?" అన్నాడు. హైమావతి గారు "అవునండి" అని ఊరుకున్నారు. కణాల సంగతి మొదలుపెడితే విమానాశ్రయంలోనే తెల్లారేదని ఆవిడకు తెలుసు.

ఆవిడ పేరు వందలాది వ్యాసాల్లో ఉంది. ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. అవి ఆవిడకు లక్ష దాటాయి. విశ్వవిద్యాలయం వాళ్లు శాలువాలు కప్పారు, గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అయితే ఆ ప్రయోగంలో ప్రతి వ్యాసానికీ మూడు వేల మంది రచయితలు. పేర్లన్నీ అక్షర క్రమంలో ఉంటాయి. వాటిలో ఆవిడ పేరు వెతకాలంటే పెళ్లిపందిట్లో చెప్పులు వెతికినట్టే. ఆవిడ నిజంగానే కష్టపడ్డారు, కానీ ఇదిగో ఈ వాక్యం నాది అని చూపించడానికి ఏమీ లేదు. శాలువా కప్పించుకుని గదిలోకి వచ్చిన రోజు నా పక్కనే కూలబడి, "ఇది ఎవరికి కప్పేరో నాకే తెలీదు" అన్నారు. వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ఒక్క పేరున్న వ్యాసం ఆవిడకు ఒక్కటే ఉంది. అది నావల్లే వచ్చింది. ఆ గదికి ఏసీ లేదు. ఏటేటా ఎండాకాలంలో నా మెరుపులు తగ్గుతూ వచ్చాయి. అంటే కణాలే తక్కువ కురుస్తున్నాయని, మన తీరం మీద గాలిలో ఏదో విశేషం ఉందని ఆవిడ రాశారు. వ్యాసం అచ్చయింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కంప్యూటర్ తెరిచి దాని సైటేషన్లు చూసేవారు. సున్నా. లక్ష ఉన్న మనిషి సున్నా దగ్గర దిగులుగా కూర్చోవడం చూస్తే జాలేసేది. మెరవడం తప్ప నాకు ఇంకేం చేతనవును? మెరిసేదాన్ని.

ఏళ్లు గడిచాక ఒక ఉదయం అక్కడ సున్నా బదులు ఒకటి కనిపించింది.

కదిరి వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే హుసేనప్ప అనే ఆయన చిన్న వ్యాసం రాశాడు. తాను చేసుకున్న పలక కొన్ని ఎండాకాలాల వేడికి మగ్గాక, దాని పక్కన కొత్త పలక పెట్టి చూశాడట. కొత్తదాంట్లో మెరుపులు తగ్గలేదు. కాబట్టి హైమావతి గారు రాసిన విశేషం ఆకాశంలో లేదు, పలకలోనే ఉంది అని తేల్చాడు. ఆవిడకు ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి, పక్కన ఇంకోటి పెట్టి చూడాలన్న సంగతే తోచలేదు.

ఆవిడ అతనికి ఫోన్ చేశారు. పాపం, అతను హడలిపోయాడు.

"తప్పుగా అనుకోవద్దండి మేడం. మీరు చానా పెద్దోళ్లు."

"అది కాదండి. నా వ్యాసంలో మూడో బొమ్మ చూసేరా?"

"చూడకుండా ఎట్ల రాస్తాను మేడం? ఆ బొమ్మ చూసే కదా నేను పలక చేసుకునింది."

హైమావతి గారు ఫోన్ పెట్టేసి, కత్తెరతో నా నల్లకాగితం కోశారు. మొదటిసారి నామీద ఎండ పడింది. ఒళ్లంతా సన్నటి బీటలు. ఆవిడ వాటిమీద వేలితో రాస్తూ చాలాసేపు కూర్చున్నారు. అంతగా నన్ను ఎవరూ చూడలేదు. అప్పటినుంచి నేను ఎందుకూ పనికిరాకుండా ఆవిడ బల్లమీదే ఉన్నాను.

ఆ మధ్యాహ్నమే ఆవిడ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాశారు. సంగతి తెలిసి శాఖాధిపతి రామలింగస్వామి గారు రొప్పుతూ వచ్చారు. విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే కమిటీ వచ్చే వేళాయె.

"ఏటి మేడం, ఊరుకుంటే పోయేదానికి మనమే దండోరా వేసుకోవాలా? అసలు ఆ పేపరు ఎవరు చదివేరండీ?"

హైమావతి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మొహంలో ఓడిపోయిన జాడ లేదు.

"ఒకాయన చదివేరండి" అన్నారు. "మొత్తం చదివేరు."