నాలుగో గీత మీద కాఫీ

నేను కారు నడపడం నేర్పుతాను. పక్క సీట్లో కూర్చుని మనుషుల తప్పులు వాళ్ల మొహం మీదే చెప్పడం నా ఉద్యోగం. పదహారేళ్లుగా ఇదే పని, ఇంతవరకు ఎవరి మొహం చూసీ మాట మింగలేదు. అలాంటి నేను మా వదినతో ఐదు వారాలపాటు రోజుకు రెండుసార్లు అబద్ధం ఆడాను. అదీ కాఫీ గురించి.

ముందు వదిన ముక్కు గురించి చెప్పాలి. వదిన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసేది. గడియారం చూసేది కాదు, వాసన పట్టి రొట్టె దించేది. చలికాలంలో వచ్చిన జ్వరం వారంలో తగ్గింది గానీ, పోతూ పోతూ వాసననీ రుచినీ పట్టుకుపోయింది. రెండు ట్రేలు మాడాక బేకరీ ఓనరమ్మ తనను ప్యాకింగ్ బల్ల దగ్గరికి మార్చింది. ముక్కు బాగైతే పొయ్యి నీదే, లేకపోతే వేసవికల్లా ఇంకొకరిని పెట్టుకుంటానంది. ఆవిడా చెడ్డదేం కాదు, మాడిన రొట్టె ఎవరు కొంటారు? వదిన మాత్రం ఇంట్లో నవ్వడం మానేసింది.

డాక్టరు పొద్దునా సాయంత్రం ఘాటైన వాసన ఏదో ఒకటి శ్రద్ధగా పీల్చమన్నాడు. ఒక్కోసారి ముక్కు తిరిగొస్తుందట, ఒక్కోసారి వంకరగా వచ్చి మంచి వాసనని కూడా చెడ్డగా చూపిస్తుందట, ఒక్కోసారి అసలు రానే రాదట. వదినకు కాఫీ అంటే ప్రాణం. అలా అన్నయ్య, వదిన, పై వాటాలో ఉండే నేను, ముగ్గురం ఎస్‌ప్రెస్సో మెషిన్ కొనడానికి బయల్దేరాం.

అన్నయ్య లిఫ్ట్ మెకానిక్. బటన్ నొక్కితే పని జరిగిపోవాలి అతనికి. అందుకే చిన్న డబ్బీ ఒకటి లోపల పడేసి బటన్ నొక్కే మెషిన్ దగ్గర నిలబడిపోయాడు. నాకు ఎర్రటిది నచ్చింది, ఎర్రగా ఉంది కాబట్టి. వదిన పోయి పోయి అన్నిటికంటే మొండిదాని ముందు ఆగింది. దానికి గింజలు మనమే పొడి చెయ్యాలి, పొడి మనమే తూచాలి, పిడి ఉన్న చిల్లుల గిన్నెలో మనమే అదిమి బిగించాలి.

"ఇంత చాకిరీ ఎందుకే మనకి?" అన్నాడు అన్నయ్య.

"బటన్ నొక్కితే వచ్చేదానికి నా ముక్కుతో పనేముంది?" అంది వదిన. ఆ మాటతో బేరం అయిపోయింది.

దుకాణం అతను ఒకటే సూత్రం చెప్పాడు. కాఫీ పల్చగా, పుల్లగా వస్తే పొడి ఇంకా సన్నగా చెయ్యాలి, చేదుగా వస్తే కొంచెం బరకగా చెయ్యాలి. అందుకోసం గింజలు పొడి చేసే గ్రైండర్ చక్రం మీద గీతలున్నాయి, అంకె తగ్గేకొద్దీ పొడి సన్నగా వస్తుంది. తాగినవాళ్లు నిజం చెబితే వారంలో చెయ్యి కుదురుతుందన్నాడు. ఆ మాట మేం ముగ్గురం విన్నాం.

మొదటి ఆదివారం వంటింట్లో నానా రభసా అయింది. మొదటి కప్పు పది సెకన్లలో బొళబొళా కారిపోయింది. రెండోసారి పిడి సరిగ్గా బిగించకపోవడంతో వేడినీళ్లూ పొడీ కలిసి అన్నయ్య చొక్కా మీదికి వచ్చాయి. సన్నగా చెయ్యమన్నాడు కదా అని వదిన చక్రాన్ని పన్నెండో గీత నుంచి ఏకంగా నాలుగో గీతకు తిప్పేసింది. ఈసారి నల్లటి చుక్కలు బతిమాలించుకుంటూ ఒక్కొక్కటే పడ్డాయి. ఆ కప్పు అన్నయ్య చేతికిచ్చి, అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.

అన్నయ్య గుటక వేశాడు. అతని చెవులు కదిలాయి. "బ్రహ్మాండం," అన్నాడు.

నేనూ తాగాను. మాడిన మూకుడు కడిగిన నీళ్లలా ఉంది. నోరు తెరిచేలోగా బల్ల కింద అన్నయ్య నా కాలు తొక్కాడు. నిజానికి నన్ను ఆపింది ఆ కాలు కాదు. జుట్టు నిండా కాఫీ పొడితో వదిన నవ్వుతోంది. జ్వరం తర్వాత అదే మొదటిసారి.

"ఫస్ట్ క్లాస్ వదినా," అన్నాను.

వదిన పెన్సిల్ తెచ్చి నాలుగో గీత దగ్గర గట్టిగా గుర్తు పెట్టింది. "ఇంక దీన్ని ఎవరూ కదపకండి," అంది.

మా గొయ్యి మేమే తవ్వుకున్నాం. వదిన చెయ్యి రోజురోజుకీ తిరిగింది. పద్దెనిమిది గ్రాములు తూచి, సమంగా అదిమి, పలుకు పొడి కూడా ఒలకకుండా బిగించేది. పొడి చేసిన ప్రతిసారీ కళ్లు మూసుకుని గిన్నె మీదికి వంగి గట్టిగా పీల్చేది. "ఏం లేదు," అనేసి మాకు చెరో కప్పు పెట్టేది. అన్నయ్య నాలుగు చెంచాల పంచదార వేసుకునేవాడు. నేను పాఠానికి టైమైందని ఒక్క గుక్కలో మింగేసి, ఆ చేదంతా నా దగ్గర నేర్చుకునేవాళ్ల మీద కక్కేదాన్ని.

ఆరో ఆదివారం సాయంత్రం వదిన తన కప్పు పక్కకు జరిపింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ముక్కు వచ్చింది," అంది. మేం సంతోషించేలోపే చెయ్యి అడ్డం పెట్టింది. "వంకరగా వచ్చింది. పొద్దుటి నుంచీ చూస్తున్నా. మీరిద్దరూ ఫస్ట్ క్లాస్ అంటున్న కాఫీ నాకు మాడు కంపు కొడుతోంది. రేపు మంచి రొట్టె కూడా ఇలాగే అనిపిస్తుంది. ఇంక పొయ్యి దగ్గర నేనేం పనికొస్తాను? ఇంకొకర్ని చూసుకోమని ఓనరమ్మకి చెప్పేస్తాను."

ఫోన్ కోసం లేచింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"కూర్చో వదినా. నీ ముక్కు వంకరేం కాదు. ఈ కాఫీ దరిద్రంగా ఉంది. మొదటి రోజు నుంచీ ఇంతే."

అన్నయ్య నా కాలు తొక్కబోయి ఆగాడు. వదిన నన్ను చూసింది, మొగుణ్ని చూసింది.

"ఇంకోసారి చెప్పు."

"దరిద్రంగా ఉంది. మాడు కంపు. నోట్లో పెట్టుకోలేం."

"మీరు చెప్పండి," అంది అన్నయ్యతో.

"ఘోరం," అన్నాడు అన్నయ్య. ఐదు వారాల బరువు దిగిపోయినట్టుంది, ఇంక ఆగలేదు. "విషం. నాలుగు చెంచాల పంచదార వేసినా దిగదు."

వదిన కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే చేతిలో గుడ్డతో మా ఇద్దర్నీ నాలుగు బాదింది. "ఐదు వారాలు తాగారా దీన్ని? బుద్ధుందా మీకు? ఒక్కరు నిజం చెప్పినా పొద్దుటి నుంచీ ఇలా ఏడ్చేదాన్నా?" నాకు సిగ్గుగానూ ఉంది, ఎగిరి గంతెయ్యాలనీ ఉంది.

తర్వాత పెన్సిల్ గుర్తు చెరిపేసి చక్రం తిప్పింది. ఐదో గీత, ఆరో గీత, ఏడో గీత. ప్రతి కప్పూ తనే వాసన చూసింది, తనే చప్పరించింది, తనే సింకులో పారబోసింది. మాకు నోరెత్తే హక్కు లేదు. తొమ్మిదో గీత దగ్గర కాఫీ సన్నటి ధారగా దిగింది, వంటిల్లంతా వాసన నిండిపోయింది. వదిన ఒక్క గుక్క తాగి, కళ్లు మూసుకుని మిగతాదంతా తాగేసింది. తర్వాత మాకు చెరో కప్పు చేసిచ్చింది.

అన్నయ్య తాగి, "బ్రహ్మాండం," అన్నాడు. ఈసారి నిజంగానే అన్నాడు.

"మిమ్మల్నెవరు అడిగారు," అంది వదిన, ఓనరమ్మ నంబరు నొక్కుతూ.