కదలని సున్నా

కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కంప్యూటరు తెర మీద వచ్చిన పెట్టెను అతను మళ్ళీ చదివాడు. ఫలానా ఫైలు కనబడలేదు కాబట్టి ప్రోగ్రాము తెరవడం కుదరదట. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడమంటోంది. కింద 'సరే' అని ఒక్కటే బటన్. నొక్కితే పెట్టె పోతుంది, ప్రోగ్రామూ పోతుంది. ఇంకోసారి తెరిస్తే ఇంకోసారి అదే పెట్టె.

"ఫైలు పోవడమేంటయ్యా? దానికేమన్నా కాళ్ళున్నాయా?" అన్నాడు వెనక నిలబడ్డ మేనేజరు.

"ఎక్కడికీ పోదు సార్. దారి తప్పుతుందంతే."

కంప్యూటర్లు బాగుచేయడానికి ఏ కొట్టుకు వెళ్ళినా, ఏ ఆఫీసుకు వెళ్ళినా అతను మొదట అనే మాట అదే. అందులో నిజం పాలు ఎంతున్నా, విన్నవాళ్ళకు కాస్త ధైర్యం వస్తుంది. ఆ లోపల అతనికి ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. దాని మొన తగిలి జేబు అడుగున చిల్లు పడితే, చిల్లు కుట్టించుకోకుండా స్క్రూడ్రైవరు మొనకు పెన్ను క్యాపు తొడిగాడు. కంప్యూటర్ల దుమ్ము గోళ్ళ అంచుల్లో నల్లగా స్థిరపడిపోయింది. వంగి టేబుల్ కింద దూరినప్పుడల్లా ఎడమ మోకాలు చిటుక్కుమంటుంది. జుట్టు పలచబడింది గానీ, ఆ సంగతి ఇంకా దువ్వెనకు తెలియనట్టు రోజూ అదే పాపిడి తీస్తాడు.

ఆ కంప్యూటరు ఉన్నది కోల్డ్ స్టోరేజీలో, మిషను గది మూల, అద్దాల అర్రలో. పండ్లకొక గది, చేపలకొక గది, మందులకొక గది. అన్నిటినీ చల్లబరిచే అమ్మోనియా గ్యాసు ఈ మిషను గదిలోంచే గొట్టాల్లో బయల్దేరుతుంది. కంప్యూటరుది రెండు పనుల కొలువు. ఏ గదిలో ఎంత చలి ఉందో చూపడం ఒకటి. మిషను గది గాలిలోకి గ్యాసు కారితే గంట కొట్టడం రెండోది. నిన్న సాయంత్రం విండోసూ, దాంతోపాటు ఈ ప్రోగ్రామూ అప్‌డేట్ అయ్యాయి. పొద్దున్నించీ ఈ పెట్టె.

అద్దానికి అవతల కంప్రెసర్లు హోరుమంటున్నాయి. ఆ హోరులో నడుము మీద చేతులు పెట్టుకుని ఒక పొడుగాటి మనిషి అతన్నే చూస్తున్నాడు. అక్క మొగుడు, ఆ యంత్రాల ఆపరేటరు. మీసం రాకముందు ఆ గదిలో అడుగుపెట్టాడు, ఇప్పుడు మీసం తెల్లబడింది. అన్నేళ్ళ అమ్మోనియాకు బావ ముక్కు చచ్చిపోయింది. మల్లెపూవూ ఒకటే, మురిక్కాలువా ఒకటే. అక్క అప్పుడప్పుడూ అంటుంది, "కోపం ముక్కు మీదుంటుందంటారు. మీ బావకు ముక్కే లేదు, ఇంక కోపమెక్కడ కూర్చుంటుంది? కూర మాడినా కమ్మగా ఉందే అంటాడు. ఇంతకంటే మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడు!" అని. నవ్వుతూనే అంటుంది గానీ, ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ నవ్వు ఆమె దగ్గర ఉండదు. అందరికీ ముక్కు చెప్పేది బావకు ఆ గంటే చెప్పాలి.

ఫైలు దొరక్కపోతే ఏం చేయాలో అతనికి తెలియక కాదు. ముందు యాంటీవైరస్ దాన్ని పట్టుకుని మూల పడేసిందేమో చూడాలి. చూశాడు, లేదు. ఆ తర్వాత రాచబాట ఒకటే. ప్రోగ్రామును మొత్తం తీసేసి, కంపెనీ ఇచ్చే అసలు కాపీతో మళ్ళీ ఎక్కించాలి. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, రేపు పంపిస్తామంది.

"రేపా?" మేనేజరు గొంతు పెరిగింది. "బయట లారీలు నిలబడున్నాయి. చలి ఎంతుందో చీటీ ఇవ్వకపోతే ఒక్కటీ కదలదు. నీకు తెలీని కిటుకేముందయ్యా, ఏదో ఒకటి చెయ్యి."

కిటుకు ఉంది. వెనక సామాన్ల గదిలో పాత కంప్యూటరు పడి ఉంది. దాన్నిండా బూజు, అందులో ఇదే ప్రోగ్రాము పాతది. కావలసిన ఫైలు, అదే పేరుతో, అందులో ఉంటుంది. దాన్ని తెచ్చి ఇందులో పెడితే పెట్టె రావడం మానేస్తుంది. ఇలా అతను బతికించిన కంప్యూటర్లకు లెక్కలేదు. ప్రస్తుతానికి నడుస్తుందండీ అని చెప్పి వచ్చేసేవాడు. ఆ ప్రస్తుతాలు ఏళ్ళ తరబడి నడిచేవి.

అసలు అతని బతుకే ప్రస్తుతానికి నడుస్తున్నది. స్కూటరు సైలెన్సరును తీగతో కట్టాడు, ప్రస్తుతానికి. అమ్మ పోయాక అక్క వాళ్ళింటి ముందు గదిలోకి బట్టల పెట్టెతో వచ్చాడు, ప్రస్తుతానికి. పెళ్ళి చూపులకు వెళ్ళొచ్చి, ఇప్పుడే వద్దు, కొట్టు ఒకటి పెట్టుకున్నాక చూద్దామన్నాడు. కొట్టూ పెట్టలేదు, ఆ అమ్మాయీ ఆగలేదు. అక్క వేళాకోళానికి అతన్ని 'ప్రస్తుతం' అనే పిలుస్తుంది. "ప్రస్తుతం అన్నానికొచ్చాడా?" అని బావను అడుగుతుంది. అతనూ నవ్వుతాడు. సైకిలు తొక్కడం నేర్పింది బావ, టైపు పరీక్ష తప్పినప్పుడు అక్కకు తెలియకుండా దాచింది బావ. అలాంటి ఇంట్లో నవ్వడానికి అతనికేం కష్టం?

పెన్‌డ్రైవులో ఫైలు తెచ్చి ఫోల్డరులో పెట్టాడు. ప్రోగ్రాము తెరిచాడు. పెట్టె రాలేదు. గదుల పేర్లు, వాటి పక్కన చలి అంకెలు బారులు తీరాయి. చివరి వరసలో గ్యాసు. అక్కడ సున్నా, పచ్చగా.

"శభాష్!" అని మేనేజరు భుజం తట్టి లారీల వైపు పరుగెత్తాడు.

బావ అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చెవుల్లోని దూది తీసి జేబులో పెట్టుకున్నాడు. తెర ముందు వంగి చాలాసేపు చూశాడు.

"ఒరే, ఇది కదలట్లేదేంట్రా?"

"ఏది బావా?"

"ఈ సున్నా. ఎప్పుడూ ఒకటో రెండో ఊగులాడుతుండేది. తలుపు తీస్తే పెరిగేది, వేస్తే తగ్గేది. ఇదేంటి, గోడకి కొట్టిన మేకులా ఉంది?"

అతను నవ్వాడు. "కొత్త వెర్షను కదా బావా. ఆ చిల్లర అంకెలు తీసేసుంటారు. శుభ్రంగా చూపిస్తోంది."

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! చెప్పాక అతనికి కూడా అదే నిజమనిపించింది. అప్‌డేట్ అంటే మెరుగుపడటమే కదా.

బావ తల ఊపాడు గానీ చూపు తెర మీంచి తీయలేదు. "ఆ కుడివైపు వాల్వు నిన్నట్నుంచి నాకు నచ్చట్లేదురా. దాని మీద మంచు ఒక పక్కకే కడుతోంది. కారుతోందేమోనని అనుమానం. కళ్ళు మండే దాకా నాకు తెలిసి చావదు. ఓసారి గుడ్డ పెట్టి చూద్దామా?"

అది ఆ గదిలో అలవాటు. కంప్యూటరు మీద ఎవరు చెయ్యి వేసినా, పనైపోయాక అమ్మోనియా నీళ్ళలో గుడ్డ తడిపి గోడ మీది సెన్సారు దగ్గర పట్టుకుంటారు. గంట మోగితే బాగైనట్టు. అతను లేవబోతుంటే, తిరిగొచ్చిన మేనేజరు తలుపు దగ్గర్నుంచే చేతులు అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు గంట మోగిస్తే కూలీలంతా బస్తాలు పడేసి గేటు దాటి పారిపోతారు. లారీలు పోనివ్వండి, సాయంత్రం మీ ఇష్టమొచ్చినట్టు మోగించుకోండి."

"సాయంత్రం వస్తాలే బావా, ఇద్దరం కలిసి చూద్దాం. ప్రస్తుతానికైతే నడుస్తోందిగా."

"అలాగే. నువ్వొచ్చాకే చూద్దాం," అన్నాడు బావ, దూది మళ్ళీ చెవుల్లో పెట్టుకుంటూ.

మధ్యాహ్నం అతను ఒక ప్రింటింగు ప్రెస్సులో ఉన్నాడు. అక్కడా అదే గోల. అప్‌డేట్ అయింది, ఫైలు లేదంటోంది. ప్రెస్సు నడిపే ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. అతను రాగానే ఫ్యాను అతని వైపు తిప్పింది. పొద్దున పారిన మంత్రమే ఇక్కడా వేశాడు. పక్క కంప్యూటరులోంచి పాత ఫైలు తీసి ఇందులో పెట్టాడు. ప్రోగ్రాము తెరుచుకుంది. ఒక పోస్టరు ప్రింటుకు ఇచ్చారు.

కాగితం బయటికి వచ్చింది. ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టుకుంది.

"ఎర్ర రంగేదయ్యా?"

అతను చూశాడు. నీలం ఉంది, పసుపు ఉంది, నలుపు ఉంది. ఎరుపు ఉండవలసిన చోట తెల్లకాగితం. ఇంకు నిండా ఉంది. మిషను బాగుంది. తెర మీద ఎక్కడా తప్పు చూపడం లేదు, ఏ పెట్టే రాలేదు. ప్రోగ్రాము దృష్టిలో పని చక్కగా పూర్తయింది.

"పాత ఫైలండీ. కొత్త ప్రోగ్రాము ఎరుపును వేరేగా అడుగుతున్నట్టుంది. దీనికి తెలీక..."

"తెలీకపోతే తెలీదని చెప్పొచ్చుగా? నోరు మూసుకుని తెల్లగా వదిలేస్తే ఎలా?"

అతని చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. సున్నా అంటే గ్యాసు లేదని. చూడటం చేతకాకపోయినా సున్నాయే. గోడకు కొట్టిన మేకులా ఉందన్నాడు బావ. కొత్త వెర్షను కదా అన్నాడు తను.

బావకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కంప్రెసర్ల హోరులో వినపడదులే, ఎప్పుడూ ఉండేదేగా అనుకున్నాడు. మళ్ళీ చేశాడు. మేనేజరుకు చేశాడు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆవిడ వెనక నుంచి ఏదో అంటుండగానే మెట్లు దిగాడు. సంచీ అక్కడే ఉండిపోయింది.

దారి పొడుగునా మనసులో ఒకటే జపం. ఏమీ కాలేదు, వెళ్ళగానే ఆ గదిలోంచి బయటికి లాక్కొచ్చేస్తాను. రేపు అసలు కాపీ వచ్చేదాకా మేనేజరు కాళ్ళు పట్టుకోనైనా మిషన్లు ఆపిస్తాను. బావ తిడతాడు. తిట్టనీ, చెంప మీద కొట్టనీ. స్కూటరుకు కట్టిన తీగ ఊడి సైలెన్సరు రోడ్డు మీద ఈడ్చుకుంటున్నా ఆపలేదు.

కోల్డ్ స్టోరేజీ వీధి మలుపు దగ్గరే కళ్ళు మండాయి.

గేటు బయట కూలీలు తడిగుడ్డలు ముఖాలకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. లారీలు ఎప్పుడో వెళ్ళిపోయినట్టున్నాయి, ఆవరణ ఖాళీగా ఉంది. మిషను గది తలుపులు బార్లా తెరిచి, అగ్నిమాపక సిబ్బంది లోపలికి నీళ్ళు కొడుతున్నారు. కంప్రెసర్ల హోరు లేదు. ఆ చోటు అంత నిశ్శబ్దంగా ఉండగా అతను ఎప్పుడూ చూడలేదు.

అతన్ని చూడగానే గేటు వాచ్‌మన్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. బాధ ఆపుకోవడానికి గబగబా మాట్లాడేశాడు.

"వాల్వు ఊడొచ్చిందంట. గ్యాసు ఒక్కసారిగా మీద పడిందంట. కాస్త బిగించొస్తానని వెళ్ళాడయ్యా. మాస్కేసుకెళ్ళన్నా అన్నాను, అన్నానయ్యా నేను. 'సున్నా ఉందిగా, మా బామ్మర్ది పొద్దున్నే బాగుచేసి పోయాడు' అన్నాడు. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పేరుకి తీసుకెళ్ళడమే. అప్పటికే..."

అతనికి ఏడుపు కూడా దారి తప్పినట్టయింది.

ఎవరో కబురు చెప్పినట్టున్నారు, అక్క ఆటో దిగింది. కాళ్ళకు చెప్పులు లేవు. జనం తప్పుకుని దారిచ్చారు. ఆమె తలుపుల వైపు చూడలేదు, నీళ్ళ వైపు చూడలేదు. సూటిగా తమ్ముడి దగ్గరికి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"గంట మోగిందా?"

ఆమె అతని మోచెయ్యి పట్టి ఊపింది.

"ఆయన ఎప్పుడూ అనేవారుగా, గంటుందిలేవే, నాకేం భయం అని. మోగిందా తమ్ముడూ? వినపడలేదా ఆయనకి?"

వినపడలేదంటే సరిపోయేది. హోరులో వినపడలేదక్కా అంటే ఆమె నమ్మేది, ఊరంతా నమ్మేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ప్రస్తుతానికి గడిచిపోతుంది.

"మోగలేదక్కా," అన్నాడు. "మోగదు. నేనే అలా చేశాను. తెలిసీ పాత ఫైలు పెట్టాను. మోగుతుందో లేదో చూడకుండానే వెళ్ళిపోయాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. మోచేతి మీద చెయ్యి అలాగే కాసేపు ఉంది. తర్వాత మెల్లగా తీసేసి, ఎవరో స్త్రీ వెంట ఆటో వైపు నడిచింది. వెనక్కి తిరగలేదు.

పొద్దు గుంకింది. అతను వాచ్‌మన్ గది గడపలో కూలబడ్డాడు. మేనేజరు ఫోన్లో ఎవరితోనో, వాల్వు పాతదండీ, మన చేతుల్లో ఏముంది అంటున్నాడు. వాచ్‌మన్ గది లోపలి నుంచి ఏదో చెప్పబోయి మానేసి, ఆఖరికి చెప్పాడు.

"టీ వచ్చినప్పుడు తనది తాగేసి, నీకొకటి పోయించాడయ్యా. సాయంత్రం వస్తానన్నాడు, వచ్చేదాకా చల్లారనీయకు అని, తనే మూత పెట్టి వెళ్ళాడు."

కిటికీ గట్టు మీద, సాసరు బోర్లించిన గ్లాసు నిండా టీ ఉంది.